రెండుసార్లు తట్టేదాకా

జూన్ 3

మా ఆయన పోయి ఏడు నెలలు. పాస్టరుగారు ఫోన్ చేశారు. చర్చిలో పైపుల ఆర్గన్ శ్రుతి తప్పిందట, సరిచేయడానికి ఆయన బదులు వేరే ట్యూనర్ని పిలిచారట. కీలు నొక్కి పట్టడానికి నేను రాగలనా అని నసుగుతూ అడిగారు. వస్తానన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

జూన్ 5

ఇరవై రెండేళ్లు మా కాపురం అదే. ఆయన లోపల పైపుల మధ్య, నేను బయట కీల దగ్గర. నేను కీ నొక్కి పట్టుకుంటే ఆయన పైపు సరిచేసి, చెక్క మీద రెండుసార్లు తట్టేవారు. అప్పుడు తర్వాతి కీ. తట్టేదాకా వదలకూడదు. ఒకసారి తుమ్మొచ్చి వదిలేస్తే రోజంతా సాధించారు.

ఆర్గన్ తొంభై ఏళ్లది. కట్టినవాడు హాలు చిన్నదని పైపుల గొంతులన్నీ మెత్తగా పెట్టాడు. మరీ చప్పగా ఉందని మా మామగారు ఒక సన్నటి పైపుల వరస పక్కన ఇంకో వరస చేర్చారు. అదే స్వరం, వెంట్రుకవాసి ఎక్కువ. రెండూ కలిసి మోగితే శబ్దం అలలాడుతుంది. ఎంత ఎక్కువో ఎక్కడా రాసి లేదు. మిగతా పైపులకు సరైన శ్రుతి ఒకటుంది, ఎవరు చేసినా అక్కడికే వస్తారు. దీనికి మాత్రం మా ఆయన చెవే లెక్క. రెండో వరస నువ్వే, ఎప్పుడూ నాకంటే కాస్త పైనే మాట్లాడతావు అని ఏడిపించేవారు.

జూన్ 9

ట్యూనర్ మంచివాడు. అక్కా అంటాడు. తట్టడు, నెక్స్ట్ అని కేకేస్తాడు. మధ్యాహ్నం ఆ రెండో వరస దగ్గరికొచ్చి, శ్రుతి మించిందనుకుని ఒక్కో పైపూ మొదటిదానితో కలిపేశాడు. నలభై తొమ్మిది పైపులు. అలలు ఒక్కొక్కటే ఆగిపోతుంటే వింటూ కూర్చున్నాను. ఆయనది మిగిలింది అదొక్కటే. చెరిపేస్తుంటే కీలు పట్టింది నేనే.

ఇప్పుడు ఒక్క గొంతులా ఉంది కదక్కా అన్నాడు. ఉందన్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను.

జూన్ 10

పాస్టరుగారిని అడిగి ట్యూనర్ నంబరు తీసుకున్నాను.

జూన్ 12

సిగ్గు విడిచి ట్యూనర్‌కి ఫోన్ చేసి అంతా చెప్పాను. ఎంత తేడా ఉండాలో చెప్పండి, చేస్తానన్నాడు. చెప్పడం చేతకాదు, వింటే తెలుస్తుందన్నాను. అయితే మీరే లోపలికెళ్లండి, కీలు నేను పడతానన్నాడు.

జూన్ 14

తట్టేదాకా వదలొద్దని చెప్పి లోపలికెళ్లాను. ఆయన నిలబడే పలక నున్నగా అరిగిపోయింది.

నలభై ఎనిమిది పైపులకు తట్టాను.

చివరిదీ ఆయన పెట్టినట్టే అలలాడింది. దానికి తట్టలేదు, అతను కీ వదల్లేదు.