డాలు మామను పక్కన కూర్చోబెట్టిన సంగతి

అన్నయ్యకి,

నీ చెల్లెలు తొండ రాస్తున్నది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. ఉభయుల్లో ఒకరు ఆసుపత్రి మంచం మీద ఉంటే ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. కాబట్టి సగమే రాస్తున్నాను. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. అమ్మకి షుగరు అదుపులోనే ఉంది. నాన్న కండక్టరు డ్యూటీని ఎయిర్‌పోర్టు లైను బస్సుకి మార్చారు. పెద్ద పెద్ద పెట్టెలతో ఎక్కేవాళ్లతో రోజూ గొడవేనట. ఇంటికొచ్చి షూ విప్పుకుంటూ వాళ్లందరి గొంతులూ అనుకరించి మాకు చూపిస్తాడు. అమ్మ నవ్వుతుంది. నవ్విన వెంటనే నువ్వు గుర్తొచ్చి ముఖం తిప్పుకుంటుంది.

ఫోను వద్దు, ఉత్తరమే రాయమని నువ్వెందుకు అన్నావో నాకు తెలుసు. మనింట్లో ఫోన్ మోగితే చాలు, అమ్మ స్పీకర్ పెట్టేస్తుంది. నువ్వు హలో అనేలోపే ఏడుపు అందుకుంటుంది. నాన్న వెనకనుంచి "తిన్నాడా, అడుగు, తిన్నాడా" అని కేకలు. ఇక మన ఆట సంగతి ఎక్కడ మాట్లాడుకుంటాం? అదీగాక, రక్తం కడిగే ఆ మిషన్‌కి నిన్ను కట్టేసినంతసేపూ చదువుకోవడానికి ఏదో ఒకటి కావాలన్నావు. అందుకే ఈసారి పొడుగ్గా రాస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్తాను, ఒక్కదానికి తప్ప. దానికి చివర్లో వస్తాను. మీ లిఫ్టు కంపెనీ మేస్త్రి మొన్న ఇంటికొచ్చాడు. నీ పనిముట్ల సంచి ఎవరికీ ఇవ్వలేదట, అలాగే తాళం వేసి ఉంచాడట. "వాడు లేకపోతే పాత లిఫ్టులు మా మాట వినడం లేదమ్మా" అన్నాడు. ఇక నీ చొక్కాలంటావా, బీరువాలోనే ఉన్నాయి. నీలంది మాత్రం నేను వేసుకుంటున్నాను, తిట్టుకో.

ఇక ముసల్ది. మంచుకోటలో కూర్చుని మనల్ని మూడు చెరువుల నీళ్లు తాగిస్తున్న ఆ పిశాచి మీదికి ఎవరెవర్ని పంపాలని అడిగావు. నీ పక్కన ఉండే నర్సమ్మ కూడా ఈ ఉత్తరాలు చదివించుకుని వింటుందని రాశావు కదా, ఆవిడకీ అర్థమయ్యేలా చెప్తాను. నర్సమ్మగారూ, మా అన్నకీ నాకూ కలిపి ఒకటే ఆట. వాడి ఫోన్‌లో ఎక్కడ ఆపితే నా ఫోన్‌లో అక్కడినుంచి మొదలవుతుంది. మా దగ్గర చాలామంది వీరులున్నారు, కానీ ఏ యుద్ధానికైనా నలుగురే వెళ్లాలి. మిగిలినవాళ్లు గుడారం దగ్గర నెగడు చుట్టూ కూర్చుంటారు. చిన్నప్పటినుంచీ జట్టు కట్టేది నేను, కొట్లాడేది వాడు. ఎందుకంటే వాడికి వదిలేస్తే నలుగురినీ కత్తులవాళ్లనే పంపిస్తాడు. మందు వేసేవాళ్లు ఒక్కరూ ఉండరు. మొదటి నిమిషం వీరవిహారం, తర్వాత అందరూ నేలమీద. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని యుద్ధం కూడా నాకే అప్పగించాడు.

ముసల్దానితో చిక్కేమిటంటే, అది ముందు వరసని కొట్టదు. పాట పాడుతుంది. పాట మొదలవగానే నలుగురిలో ఒకరిని పట్టుకుని, వాళ్ల ప్రాణం కొంచెం కొంచెంగా లాగేస్తుంది. ఎవరిని పడుతుందో ముందు తెలియదు. అందుకని మంత్రాల తాత ఉండాలి, చలికి అడ్డుగా నిప్పుగోడ కట్టేది ఆయనే. మందులత్త ఉండాలి, కానీ ఆవిడ మందు అందేలోపు పాట రెండోసారి మొదలవుతుంది. బాణాల పిల్ల ఉండాలి, ముసల్ది ఎగిరినప్పుడు దాన్ని అందుకునేది ఆ పిల్ల ఒక్కతే. గొడవంతా నాలుగో మనిషి దగ్గరే. నేను దొంగోడిని పెట్టాను, వాడు తప్పించుకోవడంలో దిట్ట. రెండు కత్తులవాడిని పెట్టాను. ఆఖరికి ఎందుకూ పనికిరాని ఆ వేణువువాడిని కూడా పెట్టి చూశాను. ప్రతిసారీ ఓడిపోయాను.

అప్పుడు నువ్వు రాశావు: "ఒసేయ్ తొండా, డాలు మామను ఎందుకు తీసేశావు? ఆట మొదలైన దగ్గర్నుంచి ఆయన లేకుండా నువ్వు గుమ్మం దాటలేదు కదే."

దానికి నా దగ్గర కారణాలు తయారుగా ఉన్నాయి. డాలు మామ మందకొడి. ఆయన వంతు వచ్చేసరికి పాట సగం అయిపోతుంది. ముసల్ది ముందు వరసని కొట్టనప్పుడు ముందు నిలబడే మనిషి దేనికి? ఆయనకి చలి పడదు. ఇవన్నీ నిజమే. ఇవన్నీ రాసి, ఉత్తరం ఇక్కడితో ముగించేద్దామని కూడా అనుకున్నాను.

ఇక్కడినుంచి నర్సమ్మకి చదివి వినిపించకు అన్నయ్యా. నీ కళ్లతో నువ్వే చదువుకో.

డాలు మామకి ఉన్న విద్య ఏమిటో నీకు తెలుసు. ప్రాణం పోతున్నవాళ్ల పక్కకి వెళ్లి, తన ప్రాణంలో సగం తీసి ఇస్తాడు. ముసల్ది పాటకి విరుగుడు అదొక్కటే. అది తెలిసే ఆయన్ని పక్కన కూర్చోబెట్టాను. ఆయన జట్టులో ఉంటే ఆ బొత్తాం నొక్కాల్సింది నేనే కదా. నొక్కలేకపోయాను.

నువ్వడిగిన ఆ ఒక్క ప్రశ్నకి జవాబు ఇది. నా టెస్టుల ఫలితం వచ్చింది. వచ్చి చాలా రోజులైంది.

అప్పుడు షాపులో సానరాయి దగ్గర ఉన్నాను. ఎవరో పెద్దాయన కళ్లజోడుకి అద్దం అరగదీస్తున్నాను. మీ ఆసుపత్రిలో కిడ్నీలు ఇచ్చేవాళ్ల సంగతి చూసుకునే మేడమ్ ఫోన్ చేసింది. "మీ ఇద్దరికీ బాగా కలిసిందమ్మా" అంది, శుభవార్త చెప్పినట్టు. అద్దం చేతిలో పగిలింది. ఓనరు "ఏమైంది, వేలు తెగిందా" అని పరుగెత్తుకొచ్చాడు. ఏం లేదు సార్ అన్నాను. వెనక గదిలోకి వెళ్లి డబ్బాల మధ్య కూర్చున్నాను. నీకు బాగవుతుందన్న సంతోషం ముందు రావాలి కదా అన్నయ్యా? రాలేదు. నన్ను కోస్తారు అన్న ఒక్క మాటే వచ్చింది.

నాన్నది గ్రూపు కలవలేదు. అమ్మని షుగరు ఉందని వద్దన్నారు. మిగిలింది నేనొక్కదాన్ని. నన్ను పరీక్షలకి పంపేటప్పుడు కలవదులే అని గట్టిగా అనుకున్నాను. అందుకే అంత ధైర్యంగా బస్సెక్కాను, అందరికీ టాటా చెప్పాను.

రోజూ సాయంత్రం నాన్న షూ విప్పుకుంటూ "ఏమన్నా ఫోనొచ్చిందా తల్లీ" అంటాడు. ఇంకా లేదు నాన్నా అంటాను. ఆయన "రానీలే, పెద్ద ఆసుపత్రి కదా, లేటవుతుంది" అని నాకే సర్దిచెప్తాడు.

ఇంకో సంగతి చెప్తే నువ్వు నన్ను అసహ్యించుకుంటావేమో. ఆ మేడమ్ ఇంకో మాట కూడా చెప్పింది. "నీకు ఇష్టం లేకపోతే మాకు చెప్పు చాలు. మీవాళ్లకి కుదరలేదు అని మాత్రమే చెప్తాం. ఎందుకు కుదరలేదో ఎవరికీ చెప్పం" అంది. మంచి మనిషి. ఎవరి బలవంతం మీదా ఇవ్వకూడదని వాళ్ల నియమమట. కానీ అన్నయ్యా, ఆ మాట విన్నప్పటినుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. బలవంతం ఉంటే ఏడుస్తూనైనా వచ్చేసేదాన్ని. ఇప్పుడు ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఎవరూ నన్నేమీ అనరు. అమ్మ నన్నే ఓదారుస్తుంది. నువ్వు కూడా "పోనీలేవే" అంటావు. ఆ ఫోన్ చెయ్యడానికి ఎన్నిసార్లు నంబరు తీశానో నాకే తెలుసు.

ఆదివారం మధ్యాహ్నం, ఏమైతే అయిందని డాలు మామని జట్టులో పెట్టి ముసల్దాని మీదికి వెళ్లాను. అమ్మ పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ముసల్ది పాట అందుకుంది, ఈసారి బాణాల పిల్లని పట్టుకుంది. కళ్లు మూసుకుని నొక్కాను. మామ వెళ్లి సగం ఇచ్చాడు. ఆయన ప్రాణం ఎంత ఉందో చూపే గీత సగానికి పడిపోయింది, కుంటుకుంటూ మళ్లీ తన చోటికి వచ్చి నిలబడ్డాడు.

"ఈయనెందుకే ఇలా కుంటుతున్నాడు?" అంది అమ్మ.

"తన ప్రాణంలో సగం ఆ పిల్లకి ఇచ్చాడమ్మా."

"మరి ఈయనకేం కాదా?"

"తెలీదు. ఇకమీదట జాగ్రత్తగా ఉండాలి."

అమ్మ చేతిలోని బట్టని విప్పి మళ్లీ మడిచింది. తర్వాత నా ముఖం చూడకుండానే అంది: "నీది కలిస్తే బాగుణ్ణని పొద్దున దండం పెట్టుకుంటాను. కలవకపోతే బాగుణ్ణని సాయంత్రం పెట్టుకుంటాను. ఏ దండం దేవుడు వింటాడో అని భయంగా ఉందే."

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇల్లంతా భయపడుతోందనీ, ఎవరి మూలలో వాళ్లు నోరు మూసుకుని భయపడుతున్నామనీ అప్పుడు తెలిసింది.

ఇంతా చేసి ఆ యుద్ధం కూడా ఓడిపోయాం. మామ సగం ఇచ్చినా బాణాల పిల్ల నిలవలేదు. నా అసలు భయం అదే అన్నయ్యా. కోత కాదు. సూది కూడా కాదు, చిన్నప్పుడు బళ్లో టీకా వేస్తే కళ్లు తిరిగి పడ్డదాన్నే అయినా సరే. నేను ఇచ్చాక అది నీ ఒంట్లో పనిచెయ్యకపోతే? అప్పుడు నాన్న ఎవరి ముఖం చూస్తాడు? ఆటలో అయితే మళ్లీ మొదట్నుంచి అని నొక్కుతాం. ఈ మాట పైకి అనడానికి ఇంట్లో ఎవరూ లేరు. నీతో అనాల్సింది కాదని తెలుసు, అయినా నీతోనే అంటున్నాను. ఇలాంటివి ఇంకెవరితో అన్నాను గనక.

భయం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లూ చూశాను. తగ్గలేదు. తగ్గేలా లేదు. అందుకే భయంతోనే బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేస్తాను. వేశాక, అక్కడే నిలబడి ఆ మేడమ్‌కి ఫోన్ చేసి వస్తున్నానని చెప్తాను. ముందు ఉత్తరం, తర్వాతే ఫోను. ఫోన్లో చెప్పింది మార్చుకోవచ్చు. డబ్బాలో పడ్డ కాగితాన్ని చెయ్యి పెట్టి తీసుకోలేను. కలిసిందని నీకు తెలిశాక ఇక కుదరలేదని ఎవరూ చెప్పలేరు. అమ్మకీ నాన్నకీ సాయంత్రం చెప్తాను. అమ్మ ఏ ఏడుపు ఏడుస్తుందో నాకు తెలీదు.

నిన్ను ఒక్కటే అడుగుతాను. నువ్వు మంచివాడివి, నా మీద ప్రేమున్నవాడివి. ఇది చదివిన వెంటనే "వద్దులే తొండా, ఇంట్లోనే ఉండు" అని రాయబోతావు. దయచేసి రాయకు. నువ్వు ఒక్కసారి వద్దంటే చాలు అన్నయ్యా, నేను సరే అనేస్తాను.

ఇట్లు,
భయపడుతూనే నీ దగ్గరికి వస్తున్న
నీ చెల్లెలు
తొండ