ఇక దింపే పని లేదు

ఏమండీ, ఇవాళ నన్ను దింపే పని లేదు, తిన్నగా మీ షాపుకే వెళ్ళండి. పాపకి గొడుగిచ్చి బడికి పంపండి.

పొద్దున్నే పెద్ద నర్సమ్మ ఫోన్ చేసింది. నన్ను మన వీధి చివరి ఆసుపత్రికి మార్చారట. మీరు మంచి నిద్రలో ఉన్నారని లేపలేదు. నడిచే వెళ్తున్నాను. అమ్మయ్య అనిపించింది. పెట్రోలు రేటు పెరిగాక మీరు వంతెన దిగేటప్పుడల్లా బండి ఇంజన్ ఆపేస్తుంటే, వెనక సీట్లో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. మిగిలింది గ్లాసుడు పెట్రోలు, తరిగింది నా ఆయుష్షు. వెనక నేను లేను కదా అని మళ్ళీ ఆపేస్తారేమో, జాగ్రత్త.

తా.క.: సాయంత్రం ఎప్పటిలాగే నా కోసం రండి, ఈ కొత్త ఆసుపత్రి గేటు దగ్గరికి. బండి ఇంట్లో పెట్టి నడిచి రండి. ఈసారి పెట్రోలు మిగిల్చే అడ్డదారి వద్దు, చుట్టుదారిన ఇంటికొద్దాం.