వదిన చేత్తో వేసిన గింజలు

అన్నయ్యకు నీ చెల్లెలు కాసులమ్మ దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నువ్వు వేళకు తింటున్నావా? నా గురించి బెంగపడొద్దని అమ్మకి చెప్పు.

ఈ వ్యవసాయ ఫారంలో పని కష్టమేమీ కాదు, ఎండే కష్టం. మాడుగుల కొండల చలిలో పెరిగిన ఒళ్లు కదా, పొద్దున్న తొమ్మిదికే తడిసి ముద్దవుతోంది. మూడు పూటలా వరన్నమే. చోడి అంబలి (ఇక్కడ చోళ్లని రాగులంటారు) లేక కడుపు నిండినట్టే ఉండదు. ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే కాస్త చోడిపిండి పంపు. బాగానే ఉన్నానులే.

నీ ఉత్తరం మొన్న అందింది. మొక్కజొన్న పసుపెక్కి మోకాలెత్తు దాటలేదని, రెండుసార్లు యూరియా వేసినా తేరుకోలేదని రాశావు. విత్తనం వేసింది కొత్త కోడలని, "దాని సెయ్యి మంచిది కాదు" అని అమ్మ అన్నదని, వదినను డొంకరాయి పుట్టింటికి పంపేశానని కూడా రాశావు. అప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

ఇక్కడ నా పని మొక్కజొన్న వేళ్లు కడగడం. ఇక్కడ పరిశోధన చేసే సారు ఒకే మట్టి, ఒకే ఎరువు వేసి రెండు వరసల కుండీలు పెట్టారు. ఒక వరసకి, గింజ మీది బూజులో పుట్టే విషం కలిపిన నీళ్లు పోయించారు. ఆ మొక్కల వేళ్లు పొట్టిగా, గోధుమరంగులో, పీచు లేకుండా ఉన్నాయి. ఆకులు మన చేలో లాగే పసుపు. "ఎరువు పక్కనే ఉంది, వేరు తాగలేకపోతోంది" అన్నారు సారు.

"ఇత్తనానికే బూజుంటే సారూ?" అని అడిగాను.

"అప్పుడూ వేరుకే దెబ్బ" అన్నారు.

అక్కడే ఏడ్చేశాను. నాతో పనిచేసే నర్సమ్మ "ఏటే గుంటా, ఎవులేటన్నారే?" అని ఒకటే కంగారు. ఏమని చెప్పను?

అన్నయ్యా, విత్తనం పొత్తులు పొయ్యి మీద పొగలో వేలాడదీయడం మన ఇంటి పద్ధతి. మసి రాలుతోందని వాటిని దించి, వలిచి, సరిగా ఆరకుండానే ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించింది నేనే. పదో తరగతి చదివానని గొప్ప. విప్పేసరికి గింజలకి తెల్లటి బూజు. నువ్వు తిడతావని కొంగుతో తుడిచి వదిన బుట్టలో పోశాను. "ఇయ్యేటి కాసులూ, వాసనొస్తన్నాయి?" అని వదిన అడిగింది కూడా. "సంచి వాసనే వదినా, బేగి ఎయ్యి" అన్నాను. అన్ని మాటలు పడుతూ కూడా ఆ సంగతి మీకు చెప్పలేదంటే, నన్ను కాపాడినట్టే కదా.

నాలుగు మొక్కలు పీకి వేళ్లు చూడు. నేను రాసినట్టుంటే ఇంక యూరియా దండగ. మిగిలిన గింజలు కోళ్లకి కూడా వెయ్యకు. వేళ్లు ఎలా ఉన్నా వదినను మాత్రం తీసుకురా. ఈ ఉత్తరం అమ్మకి చదివేటప్పుడు నా తప్పు దాటెయ్యకు. తిట్టనీ, పడతాను.

పెదనాన్నకి, పెద్దమ్మకి నా దండాలు. అమ్మ దీవెన మాత్రం ఇప్పుడు అడగను. వదిన ఇంటికి వచ్చాక అడుగుతాను.

నీ చెల్లెలు,
కాసులమ్మ