ఏ ఎర్ర లైటు?

తార్నాక,
4 జులై 1994

ప్రియమైన అన్నయ్యకు,

గ్లోరీ వందనాలు. కాజీపేటలో వదిన, పిల్లలు బాగున్నారని తలుస్తాను. ఇక్కడ వారం నుంచి ముసురు, దానికి తోడు మా కారు అలక. ఎదురు క్వార్టరు అచ్యుతరామయ్య గారు రిటైరై వెళ్తూ అమ్మిన పాత బండే. పొద్దున తాళం తిప్పితే టక్ మంటుంది, అంతే. మీ బావగారు స్టీరింగు పట్టుకుంటే నేనూ పక్కింటి కాత్యాయని గారూ కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని వెనక నుంచి తోస్తున్నాం. క్వార్టర్ల వాళ్లందరికీ ఉచిత వినోదం.

ఇంకోటి. బండి నడుస్తున్నప్పుడు స్పీడు ముల్లు కింద ఒక ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటోంది. అడిగితే "ఏ ఎర్ర లైటు?" అన్నారు. వేలు పెట్టి చూపిస్తే వంగి చూసి, "అదెప్పుడూ ఉండేదేలే" అని విసుక్కున్నారు. విసుక్కోవడం ఆయన నైజం కాదు. యూనివర్సిటీలో పటాలు గీసే పని ఎక్కువైందేమో అనుకున్నాను. బ్లెస్సీని రోజూ ఆ కారులోనే బడికి తీసుకెళ్తారు, అందుకే నా భయం. ఇంజన్లు నడిపేవాడివి, ఏం చేయాలో రాయి.

నీ ప్రార్థనల్లో మమ్మల్ని మరవకు.
నీ చెల్లెలు,
గ్లోరీ

---

కాజీపేట,
9 జులై

ప్రియమైన చెల్లాయికి,

రైలింజను వాణ్ని పట్టుకుని కారుకు మందు అడిగావు. మీ వదిన ఒకటే నవ్వు. సరే, తెలిసింది చెప్తాను. టక్ మని ఊరుకుందంటే బ్యాటరీలో సత్తువ లేనట్టే. దాని కొనల మీద తెల్లగా పొడి పేరుకుని ఉంటే వేణ్నీళ్లతో కడిగించి, తుడిచి గట్టిగా బిగించమను. ఇక ఆ ఎర్ర లైటు తాళం తిప్పగానే వెలగాలి, ఇంజను అందుకోగానే ఆరాలి. ఆరడం లేదంటే బ్యాటరీకి కరెంటు అందడం లేదేమో. ఫ్యాను బెల్టు వదులైందేమో చూపించు. ఒకవేళ అది ఆయిలు లైటైతే మాత్రం బండి కదపనే వద్దు. అలాగే, బండి ఆపాక హెడ్‌లైట్లు ఆర్పుతున్నారో లేదో ఒక కన్నేసి ఉంచు.

బావగారికి నా నమస్కారాలు, బ్లెస్సీకి ముద్దులు.
అన్నయ్య,
ఆరోన్

---

తార్నాక,
21 జులై

ప్రియమైన అన్నయ్యకు,

నువ్వు చెప్పిందే నిజమైంది. లాలాపేట్ నుంచి ఉప్పలయ్య అనే మెకానిక్ వచ్చి బెల్టు బిగించాడు, ఎర్ర లైటు ఆరిపోయింది. పోతూ పోతూ, "గింత పెద్దగ లైటు వెలుగుతుంటే సారుకు కనపడతలేదా మేడం?" అన్నాడు. ఆయన వినిపించుకోనట్టు లోపలికి వెళ్లిపోయారు.

అయినా మొన్న పొద్దున మళ్లీ టక్. బయటికి వెళ్లి చూస్తే హెడ్‌లైట్లు మిణుకు మిణుకుమంటున్నాయి, రాత్రంతా వెలిగినట్టున్నాయి. ఆర్పానని ఆయన ఒట్టు పెట్టినంత పని చేశారు. ఈమధ్య మిట్టమధ్యాహ్నం కూడా లైట్లు వేసుకుని నడుపుతున్నారు. అడిగితే మబ్బు పట్టిందంటారు. ఎడమవైపు తలుపంతా గేటు స్తంభానికి గీరుకుపోయింది. కారుకు ఇంకా ఏ రోగముందో తెలియడం లేదు.

నీ జవాబు కోసం చూసే
గ్లోరీ

---

కాజీపేట,
25 జులై

ప్రియమైన గ్లోరీ,

కారు సంగతి పక్కన పెట్టు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లో నాన్న అన్నం తింటూ చెప్పేవాడు, గుర్తుందా? ఇంజన్లో డ్రైవరూ అసిస్టెంటూ ఇద్దరూ సిగ్నలు రంగు పైకి చెప్పాలి. పక్కవాడి మాట విని వల్లించకూడదు, ఎవరి కళ్లతో వాళ్లు చూసి చెప్పాలి. నువ్వొకసారి బావగారి పక్కన కూర్చో. చౌరస్తా దగ్గర నోరెత్తకుండా ఆయన్నే చెప్పనివ్వు. నా అనుమానం తప్పయితే నాకంటే సంతోషించేవాడు ఉండడు.

మీ మేలు కోరే అన్నయ్య,
ఆరోన్

---

తార్నాక,
28 ఆగస్టు

ప్రియమైన అన్నయ్యకు,

నెల రోజులుగా రాయలేకపోయాను, క్షమించు.

నువ్వు చెప్పినట్టే ముందు సీట్లో కూర్చున్నాను. "అది నా సీటు" అని బ్లెస్సీ అలిగి వెనక్కి వెళ్లింది. చౌరస్తాలో పచ్చ లైటు పడింది, వెనక హారన్ల మోత. ఆయన కదల్లేదు. వెనక నుంచి బ్లెస్సీ "పచ్చ, డాడీ" అంది. అప్పుడు గేరు వేశారు. "కుడివైపు సైకిలు, డాడీ. ముందు ఆటో ఆగింది, డాడీ." బడి దాకా అదే వరస.

సాయంత్రం దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను. "అది మా ఆటమ్మా. నేను చెప్తా, డాడీ నడుపుతారు" అంది. మరి ఎర్ర లైటు సంగతి ఎందుకు చెప్పలేదే అంటే, "బయటివే చెప్పమన్నారు. లోపలివి చెప్పమనలేదుగా" అంది.

కంటి డాక్టరుకు చూపిస్తే కంటి నరం ఎండిపోతోందన్నారు. పక్క చూపు చాలావరకు పోయింది. పోయింది రాదు, మిగిలింది మందులతో నిలుపుకోవాలట. మీ బావగారికి ఈ సంగతి పోయిన ఏడాదే తెలిసిందట. "పటాలు గీసేవాడికి కళ్లు పోయాయంటే నన్నెవరు ఉంచుకుంటారు గ్లోరీ" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేనూ ఏడ్చాను. కానీ నా బిడ్డ ప్రాణం మీదికి తెచ్చారన్న కోపం ఇంకా చల్లారలేదన్నయ్యా. రాత్రి ఆయన కంటిలో మందు చుక్కలు వేసేటప్పుడు కూడా ఉంటోంది.

తాళం చెవి ఆయనే నా చేతికిచ్చారు. బ్లెస్సీ బస్సులో వెళ్తోంది. ఆర్ట్స్ కాలేజీ ముందు రోడ్డు మీద నేను డ్రైవింగు నేర్చుకున్నాను. ఆయన పక్కన కూర్చుని క్లచ్చు ఎప్పుడు వదలాలో చెప్తుంటారు, చెవితోనే పోల్చుకుంటారు.

నిన్న మొదటిసారి చౌరస్తా దాకా వచ్చాం. ఎర్ర లైటు దగ్గర ఆగాను. రంగు మారింది. ఆయన చెప్తారేమోనని కాసేపు చూశాను. చివరికి నేనే "పచ్చ" అన్నాను.

ఆయన తల నిటారుగా ఎత్తి, ఎదురుగా చూస్తూ, "పచ్చ" అన్నారు.

వల్లించకూడదని నువ్వు రాశావు. అయినా అన్నయ్యా, నేను గేరు వేసి పోనిచ్చాను.

నీ
గ్లోరీ