అద్దం మీద కళ్ళజోడు

ఏమండీ,

పంజాగుట్టలో పిల్లల ఆసుపత్రికి సాయంగా పెట్టిన స్టాలుకి ఇవాళ కూడా వెళ్తున్నా. డాబా మీద నీలం అచ్చుల కోసం మందు పూసి ఆకులు పరిచిన కాగితాలు అద్దం కింద ఎండలో ఉన్నాయి. ఎదుటి జావా కోచింగు బోర్డు నీడ పడకముందే అద్దం ఎత్తి, ఆకులు తీసేసి, కాగితాలు బకెట్లో జాడించి ఆరేయండి. ఆ కరివేపాకు పోపులో వెయ్యకండి, మందు అంటుకుని ఉంటుంది. స్టాల్లో అమ్మే ఆ అచ్చుల కార్డులన్నీ ఒక్కదాన్నే మడిచేసరికి నడుం పడిపోయింది. పక్కనే కూర్చుని పేపరు చదివారు గానీ ఒక్కటి మడవలేదు మీరు. చారు వేడిచేసుకోండి.

హైమ

మొన్న మీ కళ్ళజోడు నేనే ఎక్కడో పడేశానని కేకలేశారు. ఆ అద్దం మీద మర్చిపోయింది మీరే. ఒక కార్డు మీద వేపరెమ్మ పక్కన అదీ తెల్లగా అచ్చుపడింది. నిన్న స్టాల్లో ఒకావిడ అదే కావాలని పట్టుబట్టింది. అది అమ్మడానికి కాదన్నాను.