జాబితాలో ఐదో సామాను

నాందేడ్,
లారీ అడ్డా

లింగన్నా,

నీకు, వదినెకు దండం. బిడ్డ ప్రణాలిని అడిగానని చెప్పు. ఎప్పుడూ స్టీరింగు మీద కాగితం పెట్టుకుని నాలుగు ముక్కలు రాసి సీటు కింద దోపేవాణ్ని. ఇప్పుడు ఆ సీటు కింద వెతికే మనిషివి నువ్వు కాదు కాబట్టి పోస్టులో వేస్తున్నాను. మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ ప్రణాలే ఎత్తింది. "బాపు మాట్లాడ్తలేడు కాకా" అంది. మాట్లాడనంటున్నావా, వినపడక మాట్లాడలేకపోతున్నావా అని ఆ పిల్లను అడగడానికి నాకు నోరు రాలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మడం, నమ్మకపోవడం నీ ఇష్టం.

పదకొండేళ్లు ఒకే లారీ నడిపాం మనం. పదిహేను రోజులు నువ్వు, పదిహేను రోజులు నేను. బండి చేతులు మారే రోజు ఒక చాయ్ తాగేంతసేపు తప్ప మనం కలిసి కూర్చున్నది లేదు. పెట్టెలు మాత్రం రెండు గానీ స్టవ్వు ఒకటే, తాళంచెవి ఒకటే, పరుపు ఒకటే. నువ్వు బరువైన మనిషివి. పరుపులో నీకు పడ్డ గుంటలోనే నేనూ ఒదిగి పడుకునేవాణ్ని. బండికి ఏం రోగమొచ్చిందో, ఏ చెక్‌పోస్టు నాకా దగ్గర ఎవడు సతాయిస్తున్నాడో అంతా కాగితాల మీదే చెప్పుకున్నాం. ఫోన్ చేసుకుందామన్నా అంటే కసురుకున్నావు. "ఫోన్ల చెప్పింది ఎవనికి యాదుంటది? కాయిదం మీద పెట్టు" అన్నావు. నీ చాదస్తం అనుకుని నవ్వుకున్నాను.

దీపావళి ముందు బీమా కంపెనీ పిల్ల సాయలి అడ్డాకు వచ్చింది. క్యాబిన్‌లో డ్రైవర్లు పెట్టుకునే సామానుకు బీమా అంది. దొంగలు పడ్డా, మంటలు అంటుకున్నా డబ్బులిస్తారట. బండికి ఒకటే ఫారం, ఇద్దరి సామాన్లూ అందులోనే రాయాలి. "కాకా, సగళం లిహా. లిహిలం నాహీ తర్ మిళణార్ నాహీ" అని మరీ మరీ చెప్పింది. అన్నీ రాయాలి, రాయంది పోతే పైసా రాదని. అప్పుడు బండి నా చేతిలో ఉంది, నువ్వు మీ ఊరు కర్ఖేలిలో ఉన్నావు. నీ పెట్టెకు ఏనాడూ తాళం వేయవు కదా, తెరిచాను.

రెండు లుంగీలు, టార్చి, అద్దమూ దువ్వెనా, స్వెట్టరు. నాలుగు వరుసలు రాశాను. స్వెట్టరు మడతలో చిన్న డబ్బీ తగిలింది. అందులో చెవి మిషన్. పదకొండేళ్ల కాగితాలు ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది. నా మీద నాకే సిగ్గేసింది. అంత ఖరీదైనది పోతే మళ్లీ కొనలేవు, పోకుండా చూడాల్సింది ముందు దాన్నే అనుకుని ఐదో వరుసలో "లింగన్న చెవి మిషన్" అని గుండ్రంగా రాశాను. ఫారం సీటు కింద పెట్టాను. నువ్వు చదవకుండానే సంతకం పెట్టి, బండి ఓనరుగా సేటు వేయాల్సిన ముద్ర కోసం ఇచ్చావు. నా మీద నీకు అంత నమ్మకం. ముద్ర కావాలని నాకూ తెలుసు. సేటు చదువుతాడని మాత్రం తోచలేదన్నా. లుంగీలు, దువ్వెనలు రాసిన కాగితం ఎవడు చదువుతాడు?

సేటు చదివాడు. "ఇన్నొద్దులు చెవిటోనికి ఇచ్చిన్నా నా బండి?" అని అడ్డాలో అందరి ముందూ అన్నాడట. నువ్వు పెట్టె కూడా తీసుకోకుండా దిగి బస్సెక్కావట. మర్నాడే సేటు నా బామ్మర్ది ఉమేశ్‌ను నీ సీట్లో కూర్చోబెట్టాడు. ఉమేశ్‌కు పని ఇవ్వమని నేను సేటును అడిగిన మాట నిజమే. ఆర్నెల్ల కింద అడిగాను, వేరే బండి మీద. ఇప్పుడు అడ్డాలో రెంటినీ ముడిపెట్టి చెప్పుకుంటున్నారు. ఇంట్లో నా భార్య కూడా "చేస్తే చేసినవ్ తియ్, మా తమ్మునికి దారి అయింది" అంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నీ పెట్టె నేనే తెచ్చి నీ చేతికి ఇద్దామని క్యాబిన్‌లో ఉంచాను. పోయిన నెల భోకర్ మార్కెట్లో సోయా దించుతుంటే ఎవడో అద్దం పగలగొట్టి రెండు పెట్టెలూ, స్టవ్వూ ఎత్తుకుపోయాడు. కంపెనీవాళ్లు నా బట్టలకు, స్టవ్వుకు ఇస్తామన్నారు. నీ వరుసలన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేశారు. బండి దిగిపోయిన మనిషి సామానుకు బీమా ఉండదట. ఏది పోకూడదని రాశానో అదే పోయింది. దానికి పైసా రాదు. దాన్ని రాసినందుకు నీ కొలువూ పోయింది.

నేనూ దిగిపోతానన్నా. సేటుకు ఇంకా చెప్పలేదు. కావాలని చేయలేదని నమ్ముతున్నట్టు ఒక్క ముక్క రాయి. లేదంటే నోటికొచ్చినట్టు తిట్టు. ఊరుకోకు.

నీ
నాగేశు


కర్ఖేలి

తమ్మీ నాగేశూ,

నీ కాయిదం అందింది. మంచిగున్నమని రాయను, లేము. నాకు నీ లెక్క రాయరాదు, మాట్లాడినట్టే రాస్త.

నేను సదవకుంట సంతకం పెట్టిన అనుకుంటున్నవ్. సదివిన. ఐదో వరుస కాడ ఆగిన. కొట్టేద్దామని చాయ్ హోటల్ల పెన్ను అడిగి తీసుకున్న. మళ్ల ఇచ్చేసిన.

ఎందుకో ఎవ్వరికి చెప్పలే, మీ వదినె సుశీలకు గూడ చెప్పలే. శ్రావణంల భోకర్‌ల బండి ఎనుకకు తీస్తుంటే హమాలీ అంబాదాస్ మొత్తుకున్నడంట, బండిని రెండు చేతులతోని గుద్దిండంట. నాకేం ఇనవడలే. అద్దంల మంది చేతులు ఊపుకుంట ఉరికొచ్చుడు చూసి బ్రేకు కొట్టిన. దిగి చూస్తే గోడకు బండికి నడుమ జానెడు సందుల నిలవడ్డడు. నన్ను చూసి నవ్విండు. నేను గూడ నవ్విన. ఆయన కాళ్లు వణుకుతున్నయ్. మిషన్ పెట్టుకుంటే ఇంజన్ మోతకు తలకాయ పగుల్తది, పెట్టుకోకపోతే గిది. ఆ దినం నుంచి రివర్స్ గేరు మీద చెయ్యి పెడితే ఆ కాళ్లే కండ్లల్ల మెదులుతయి. దిగిపోవాలె అనుకున్న. దిగితే ఇల్లు ఎట్ల నడుస్తది, ప్రణాలి నర్సింగు ఎట్ల? ధైర్యం చాలలే. నీ రాత చూసినంక, నేను చెప్పలేంది వీడు రాసిండు, సేటు సదివితే సదవని అనుకున్న. గంత మంది ముంగట గట్ల అంటడనుకోలే.

అందుకే నువ్వు కావాలని చేసినవని నేను అనుకోను. ఉమేశ్ సంగతి గూడ నేను పట్టించుకోలే. గని నీ మీద కోపం లేదని రాయను. ఉంది. పెట్టె తెరిచినందుకు కాదు. తెరిచి, చూసి, నన్ను ఒక్క మాట అడగలే. "అన్నా, ఈ మిషన్ ఏంది, ఎన్నేండ్ల సంది ఇట్లున్నది" అని ఒక ముక్క రాసి సీటు కింద పెట్టకపోతివా? టైర్ల గురించి రాసినవ్, నాకాల గురించి రాసినవ్. నా గురించి కంపెనీకి రాసినవ్ గని నాకు రాయలే. నువ్వు అడిగితే అంబాదాస్ సంగతి నీకు రాసేటోన్ని.

ఈడ పని లేదు. ధర్మాబాద్‌ల మిర్చి గోదాముకు వాచ్‌మన్ పనికి పోయిన. పిలిస్తే పలకనోన్ని ఎవడు పెట్టుకుంటడు? ప్రణాలి చదువు ఆగింది. ఇంట్ల అందరు నాతోని గట్టిగ మాట్లాడుతరు. మాట ఇనవడది, మొఖాలు మాత్రం కొట్లాటకు వచ్చినట్టు కనవడుతయి. దుఃఖమొస్తది తమ్మీ.

నీ బీమా పైసలు పంపకు, వాపసు చేస్త. నువ్వు దిగకు. ఇద్దరం దిగితే సేటుకు పోయేదేం లేదు, ఇంకొకన్ని చూసుకుంటడు. ఇంటికి రాకు. వస్తే నువ్వు గూడ గట్టిగ మాట్లాడాలె, వాడకట్టంత ఇంటది.

ఆ దినం బండి ఇచ్చేటప్పుడు రాయాల్సింది రాయకనే దిగిన. గిప్పుడు రాస్తున్న, ఉమేశ్‌కు గూడ సదివి చెప్పు.

రెండో గేరు పొద్దుగాల గట్టిగ పడుతది, గుంజొద్దు. ఎడమ దిక్కు ఎనుక టైరుకు గాలి దిగుతది. భోకర్‌ల ఎనుకకు తీసేటప్పుడు మనిషిని నిలవెట్టుకోండ్రి. పరుపుకు నా మేర గుంట పడ్డది. తిరగేసి ఏసుకోండ్రి.

లింగన్న