పేరడిగాకే వోల్టేజీ

నాన్నగారికి నమస్కారాలు. మీ పుత్రరత్నం ఉద్యోగం ఇంకా ఊడలేదని సవినయంగా మనవి. నిన్న ఊడేదే.

మా ల్యాబులో పవర్ సప్లై పెట్టెల నాబులను ఎవరూ చేత్తో తిప్పరు. కంప్యూటర్లో ఒక లైను టైపు చేస్తే, అది కేబుల్ గుండా వెళ్లి పని చేయిస్తుంది. నిన్న ఏమీ తగిలించకుండా ఖాళీగా ఉన్న పెట్టెను ముప్పై వోల్టులు ఇమ్మని ఆజ్ఞాపించబోతుంటే సీనియర్ మేడం ఆపారు.

“ముందు దాని పేరడిగావా?”

“పరిచయాలెందుకు మేడం, రైల్లో ఎదురు సీటా?”

“అడగవయ్యా.”

టైపు చేసి అడిగితే, జవాబుగా తెర మీద పక్క పెట్టె పేరు వచ్చింది! పొద్దున దుమ్ము దులిపి కేబుళ్లు తారుమారుగా పెట్టింది నేనే. ఆ పక్కదానికి కస్టమరు పంపిన ఒకే ఒక్క సర్క్యూట్ బోర్డు తగిలించి ఉంది. ఐదు వోల్టులు దాటితే అది బూడిదే, దాంతోపాటు నా ప్రొబేషనూ. ఇన్నేళ్ల సర్వీసులోనూ మేడం ఏ పెట్టెకూ పేరడగకుండా పని చెప్పలేదట. ఆ శ్రద్ధకు దండం పెట్టాలనిపించింది.

అమ్మ మోకాలు ఎలా ఉంది? నా నీలం స్వెటర్ చెల్లి దగ్గరుంటే లాక్కుని పంపండి.

ఇవాళ నన్ను పర్మనెంటు చేయమని మేడమే సిఫారసు చేశారు. ఎందుకని అడిగితే, “నిన్న నీ మొహం చూశాను. ఇక జన్మలో అడగడం మర్చిపోవు” అన్నారు.

అమ్మకు నమస్కారాలు. చెల్లికి పెద్దరికంతో ఆశీస్సులు.

మీ అబ్బాయి